నీటిలో చేతిపని: సారా థామస్ సుదూర ఈత

అమెరికాలో న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాల నడుమ నుంచి కెనడా దాకా సాగే పొడవాటి మంచినీటి సరస్సు పేరు షాంప్లేన్. దాని ఉత్తరపు కొసన రౌసెస్ పాయింట్ అనే చిన్న ఊరుంది. 2017 ఆగస్టు 7న కొలరాడో రాష్ట్రానికి చెందిన సారా థామస్ ఆ ఊరి ఒడ్డున నీళ్లలోకి దిగి దక్షిణంగా ఈదడం మొదలుపెట్టారు. సరస్సులోని ఒక దీవిని చుట్టి, వెనక్కి మళ్లి, బయలుదేరిన ఊరికే వచ్చి ఒడ్డెక్కారు. ఈదిన దూరం 104.6 మైళ్లు, అంటే 168 కిలోమీటర్ల పైమాట. పట్టిన సమయం 67 గంటల 16 నిమిషాలు. విజయవాడ నుంచి రాజమండ్రికి రైలుదారి సుమారు 150 కిలోమీటర్లు. అంతకు మించిన దూరాన్ని ఆమె నేలమీద కాలు మోపకుండా, పడవ అంచు పట్టుకోకుండా, కునుకు తీయకుండా ఈదారు. ప్రవాహం సాయం లేని నీటిలో ఒక మనిషి వంద మైళ్లు దాటి ఈదడం అదే మొదటిసారి.

ఈ సంగతి విన్నవాళ్లు ముందుగా ఆమె గుండెనిబ్బరాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నేను మాత్రం ఆమె పనితనం గురించి రాయాలనుకున్నాను. గుండెనిబ్బరం ఎంత ఉన్నా సరిగా పడని బార వంద మైళ్లు తీసుకెళ్లదు. మొదటి పది మైళ్లలోనే భుజం పట్టేస్తుంది. సారా థామస్ ఈతలో నాకు కనిపించేది చిన్న చిన్న పనులు. ఒక్కొక్కటీ నేర్చుకోదగిందే, కొలవదగిందే. వాటిని తప్పకుండా, విసుగు లేకుండా లక్షల సార్లు చేయడమే ఆ ఈత. అందుకే దాన్ని ఒక చేతిపనిగా దగ్గరనుంచి చూడాలి.

ముందు పనిముట్లు చూద్దాం. చేతులనూ కాళ్లనూ కప్పని మామూలు ఈత దుస్తులు, ఒక టోపీ, గాగుల్స్, కావాలంటే చెవులకు బిరడాలు, ఒంటికి రాసుకునే గ్రీజు. ఇంతే. వెట్‌సూట్ తొడగకూడదు. ఆ రబ్బరు దుస్తులు ఒంటిని వెచ్చగా ఉంచుతాయి, పైకి తేలుస్తాయి కూడా. ఆ రెండు పనులూ ఈతగాడి శరీరమే చేసుకోవాలన్నది నియమం. ఈత మొదలయ్యాక ముగిసేదాకా పడవను గానీ, ఇంకో మనిషిని గానీ ఆనుకోకూడదు. ఇంగ్లాండ్, ఫ్రాన్స్‌ల నడుమ ఉన్న ఇంగ్లిష్ ఛానెల్ ఈతలతో స్థిరపడిన ఈ కట్టుబాట్లనే అమెరికాలోని సుదూర ఈతగాళ్లూ పాటిస్తారు.

ఈ కొద్దిపాటి సామగ్రి వెనక కూడా పెద్ద చరిత్రే ఉంది. న్యూయార్క్ అమ్మాయి గెర్ట్రూడ్ ఎడెర్లే 1926 ఆగస్టు 6న ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన తొలి మహిళ అయింది. అప్పటికి అయిదుగురు మగవాళ్లు ఆ ఛానెల్ దాటారు. వాళ్లలో అందరికన్నా వేగంగా ఈదినవాడికంటే ఆమె దాదాపు రెండు గంటలు ముందే ఒడ్డు చేరింది. ఉప్పునీరు కళ్లలోకి దిగకుండా మోటారు సైకిల్ నడిపేవాళ్ల అద్దాల అంచులకు మైనం కరిగించి పోసుకుంది. నిండుగా ఉండే ఈత దుస్తులు ఒంటిని ఒరుసుకుంటున్నాయని రెండు ముక్కల దుస్తులు కుట్టించుకుంది. చలికీ, ఉప్పుకీ తట్టుకునేందుకు ఒంటినిండా కొవ్వు, నూనె పట్టించుకుంది. 1875లో మాథ్యూ వెబ్ ఆ ఛానెల్‌ను మొదటిసారి దాటినప్పుడు ఈదింది కప్ప ఈత. ఎడెర్లే ఒక చేయి తరువాత ఒక చేయి ముందుకు వేసే బార ఈతతో మొదటినుంచి చివరిదాకా వెళ్లింది. అంత దూరం బార ఈత నిలవదని చాలామంది నమ్మిన రోజులవి. అమెరికా సుదూర ఈతలో ఈ పనివాళ్ల బుద్ధి అప్పుడే కనిపిస్తుంది: ఏది ఒరుసుకుంటోంది, ఏది కారుతోంది, ఎక్కడ బలం వృథా అవుతోంది అని వెతికి ఒక్కొక్కదాన్నే సరిచేసుకోవడం.

ఇక బార. సారా థామస్ ఈదుతున్న దృశ్యాలు చూస్తే హడావుడి కనిపించదు. నీళ్లు ఎగసిపడవు. ముందుకు చాచిన చేయి నీటిలోకి దిగాక ఒక్క క్షణం సాగుతుంది. మోచేయి పైనే ఉండగా ముంజేయి కిందికి వాలుతుంది. అరచేయీ ముంజేయీ కలిసి నీటిని పట్టుకుంటాయి. ఆ పట్టు దొరికాక శరీరం దాన్ని దాటుకుని ముందుకు జరుగుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేత్తో నీటిని కిందికి తొక్కుతారు. అప్పుడు తల లేస్తుంది, నడుము మునుగుతుంది, బలం సగం పాడవుతుంది. మోచేయి జారకుండా నీటిని వెనక్కి పట్టడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. భుజం ఒక్కటే లాగితే నాలుగు గంటల్లో అది మంటెత్తుతుంది. అందుకే నడుము, వీపు, భుజం కలిసి తిరగాలి. శరీరం ఒకసారి కుడిపక్కకు, ఒకసారి ఎడమపక్కకు ఒరుగుతూ ఆ లాగుడును పెద్ద కండరాలకు అప్పజెప్పాలి.

కాళ్ల సంగతి మరీ ఆసక్తికరం. కొలనులో యాభై మీటర్లు వేగంగా ఈదేవాళ్లు కాళ్లతో నీటిని చిలికేస్తారు. సుదూర ఈతగాళ్లలో చాలామంది బారకు ఒక్క తాపుతో సరిపెట్టుకుంటారు. తొడ కండరాలు పెద్దవి, ప్రాణవాయువును ఎక్కువగా తాగేస్తాయి. వాటిని అదుపులో ఉంచి, శరీరం ఒరగడానికి మాత్రం వాడుకుంటే గంటల తరబడి సరిపడే బలం మిగులుతుంది. నిమిషానికి 60 బారలు చొప్పున లెక్క వేసినా 67 గంటలకు రెండు లక్షల నలభై వేలు దాటుతాయి. మగ్గం మీద నేతగాడు పోగు పోగుకూ నాడెను ఒకే విసురుతో పంపినట్టు అన్ని బారలూ ఒకే తీరున పడాలి. ఒక బారలో మణికట్టు కొద్దిగా వంకరపోతే ఏమీ కాదు. అదే వంకర లక్ష సార్లు పడితే స్నాయువు వాచిపోతుంది. మంచి బార అందంగా కనిపిస్తుందంటే, అందులో అనవసరమైన కదలిక ఏదీ మిగలకపోవడమే కారణం.

తోడు పడవలోని వాళ్లు ఈ బారలను లెక్కపెడుతూనే ఉంటారు. నిమిషానికి ఎన్ని పడుతున్నాయో రాసుకుంటారు. ఆ సంఖ్య నిలకడగా ఉంటే లోపల అంతా బాగున్నట్టు. ఉన్నట్టుండి తగ్గితే చలి ఒంట్లోకి దిగుతున్నట్టో, తిండి చాలనట్టో అనుమానించాలి. ఈదే మనిషి ‘బాగానే ఉన్నాను’ అని చెప్పవచ్చు. చలి ముదిరినప్పుడు ఆ మాటను నమ్మకూడదు, ఎందుకంటే తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకే తెలియని స్థితి వస్తుంది. బారల లెక్క మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఊపిరి ఇంకో విద్య. కొలనులో గీతలున్న నేల కనిపిస్తుంది, గోడ వస్తుంది, ప్రతి మలుపులో కాళ్లతో తన్ని కాసేపు జారిపోవచ్చు. 25 మీటర్ల కొలనులో పది కిలోమీటర్లు ఈదితే ఆ వెసులుబాటు దాదాపు నాలుగు వందల సార్లు దొరుకుతుంది. సరస్సులో, సముద్రంలో ఒక్కసారీ దొరకదు. అల ఏ పక్కనుంచి వస్తోందో చూసుకుని ఆవలి పక్కకు ఊపిరి తీసుకోవాలి. అందుకే రెండు పక్కలా ఊపిరి తీయడం అలవాటు చేసుకుంటారు. దారి చూసుకోవడానికి తల ఎత్తడంలోనూ మెళకువ ఉంది. తల మొత్తం ఎత్తితే నడుము కిందికి పోతుంది. కళ్లు మాత్రం నీటిమట్టం పైకి వచ్చేంత లేపి, దూరాన ఒక గుర్తును చూసి, అదే ఊపులో ముఖం పక్కకు తిప్పి ఊపిరి తీసుకుని మళ్లీ నీటిలో పెట్టేయాలి. పోటీల్లో ఈదేవాళ్లు పది, పదిహేను బారలకోసారి ఇలా చూసుకుంటారు. పడవ తోడున్న సుదూర ఈతల్లో దారి చూసే పని పడవవాళ్లది. ఈతగాడు పడవకు సమాంతరంగా సాగితే చాలు.

తిండి విషయానికి వస్తే ఈ పనితనం ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. మామూలుగా అరగంటకోసారి తాడు కట్టిన సీసానో, కర్ర చివర పెట్టిన గ్లాసునో నీటిలోకి అందిస్తారు. అందులో పిండి పదార్థం కలిపిన పానీయం, లవణాలు, చలిగా ఉంటే గోరువెచ్చని ద్రవం ఉంటాయి. ఈతగాడు వెల్లకిలా తేలుతూ గడగడా తాగి, సీసా వదిలి, మళ్లీ బోర్లా తిరిగి బార వేయాలి. ఇదంతా నిమిషంలోపే అయిపోవాలి. 67 గంటలపాటు అరగంటకోసారి అంటే సుమారు 134 సార్లు. ప్రతిసారీ ఒక్క నిమిషం ఎక్కువ ఆగినా రెండు గంటలకు పైగా కాలం నీటిలో ఊరికే తేలుతూ పోతుంది. ఆ ఆగినంతసేపూ కండరాలు వేడి పుట్టించవు, ఒళ్లు చల్లబడుతుంది. అలలు ఈదిన దూరాన్ని వెనక్కి లాగేస్తాయి. దీనికి తోడు కడుపు పని చేయాలి. బోర్లా పడుకుని, అలల కుదుపులో, ఉప్పునీరు మింగుతూ, అరగంటకోసారి తీపి ద్రవం తాగితే ఎవరికైనా వికారం పుడుతుంది. అందుకే ఈ తిండికి కూడా నెలల ముందే సాధన చేస్తారు. చేతులకు ఎంత శిక్షణ కావాలో కడుపుకూ అంత శిక్షణ కావాలి.

సుదూర ఈతగాళ్లకు ఒక కట్టుబాటు ఉంది: ఒక ఫీడ్ (తిండి విరామం) నుంచి ఇంకో ఫీడ్ దాకా ఈదడం. ఒడ్డు ఎంత దూరమని అడగరు. ఇందులో ఎంత తెలివి ఉందో తెలుసుకోవడానికి ఫ్లోరెన్స్ చాడ్విక్ కథ చూడాలి. ఇంగ్లిష్ ఛానెల్‌ను దాటి పేరు తెచ్చుకున్న ఈ కాలిఫోర్నియా ఈతగత్తె 1952లో కాటలీనా దీవికీ కాలిఫోర్నియా తీరానికీ మధ్య ఉన్న 32 కిలోమీటర్ల జలసంధిలో దిగారు. పొగమంచు దట్టంగా కమ్మింది. పదిహేను గంటలకు పైగా ఈది, తీరం ఇక దగ్గరలోనే ఉందనగా ఆగిపోయారు. నేల కనిపించలేదని ఆమె బాధ. అదే ఏడాది మళ్లీ దిగి 13 గంటల 47 నిమిషాల్లో దాటి, ఆ జలసంధి ఈదిన తొలి మహిళగా నిలిచారు. ఈ కథను గమ్యం మీద చూపు నిలపమని చెప్పడానికి చాలాచోట్ల వాడతారు. నాకు తోచే అర్థం వేరు. నేటి సుదూర ఈతగాళ్లు గమ్యం మీద చూపు పెట్టకుండా ఈదడం నేర్చుకున్నారు. పొగమంచు ఉన్నా లేకపోయినా వాళ్లకు కనిపించవలసింది తర్వాతి సీసా ఒక్కటే. 67 గంటల ఈతను మనసు మోయలేదు. అరగంట ఈతను మోయగలదు.

సారా థామస్ ఈ స్థాయికి ఒక్క గెంతులో రాలేదు. కొలరాడోకు సముద్రం లేదు. ఉన్నవి కొండలు, జలాశయాలు. అక్కడి ఫోర్ట్ కాలిన్స్ దగ్గర హార్స్‌టూత్ జలాశయంలో 2007లో జరిగిన పది కిలోమీటర్ల ఈత ఆమెకు తొలి పెద్ద ఈత. అక్కడినుంచి మెట్టు మీద మెట్టు. 2013లో టాహో సరస్సును ఈ కొస నుంచి ఆ కొసకూ, మళ్లీ వెనక్కూ ఈదారు. 2016లో యూటా, అరిజోనా సరిహద్దులోని పావెల్ సరస్సులో 80 మైళ్లు. ఆ మరుసటి ఏడాదే షాంప్లేన్‌లో నూరు దాటారు. ఈ ఏళ్లన్నీ ఆమె ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నారు. ప్రతి పెద్ద ఈతా తర్వాతి ఈతకు కొలత అయింది. ఏ గంటకు నిద్ర ముంచుకొస్తుంది, ఏ ఆహారం కడుపులో నిలుస్తుంది, చర్మం ఎక్కడ ఒరుసుకుంటుంది, ఇలాంటివి ఎనభై మైళ్ల దగ్గర తెలియకపోతే నూరు మైళ్ల గురించి ఆలోచించడమే తప్పు.

సాధన విషయంలో సుదూర ఈతగాళ్లందరూ దాదాపు ఒకే దారి పడతారు. వారం మధ్యలో కొలనులో వేగం మీద, బార తీరు మీద పని. వారాంతంలో బయటి నీటిలో పొడవాటి ఈత. శనివారం ఆరు గంటలు ఈది, ఆదివారం ఒళ్లు నొప్పులతోనే మళ్లీ దిగి నాలుగైదు గంటలు ఈదుతారు. అలసిన చేయి సరైన బార వేయగలదా అన్నది తెలిసేది ఆ రెండో రోజునే. దీనితోపాటు చలికి అలవాటు పడాలి. నీరు గాలికన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. చల్లటి నీటిలోకి దిగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ కాసేపు నోట్లోకి నీరు పోకుండా, ఊపిరిని నెమ్మదిగా బయటికి వదులుతూ నిలబడగలిగితే శరీరం సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ దిగితే ఈ అదురు తగ్గుతుంది. ఇంగ్లిష్ ఛానెల్ ఈదాలనుకునేవాళ్లు ముందుగా 16 డిగ్రీలు మించని నీటిలో ఆరు గంటలు ఈది చూపించాలన్న నియమం అందుకే.

శాన్ ఫ్రాన్సిస్కో తీరంలోని ఆక్వాటిక్ పార్క్ ఈ చలి విద్యకు అమెరికాలో పాత పాఠశాల లాంటిది. సౌత్ ఎండ్ రోయింగ్ క్లబ్ 1873లో పుట్టింది, డాల్ఫిన్ క్లబ్ 1877లో. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. డాల్ఫిన్ క్లబ్ సభ్యులకు చలికాలంలో ఒక పంతం ఉంది. డిసెంబరు 21 నుంచి మార్చి 21 లోపు 40 మైళ్లు ఈదాలి. పొద్దున ఉద్యోగానికి వెళ్లేముందు దిగే గుమాస్తాలు, టీచర్లు, రిటైరైనవాళ్లు ఈ లెక్కను కొద్దికొద్దిగా పూర్తిచేస్తారు. ఒడ్డెక్కాక ఏం చేయాలో కూడా అక్కడే నేర్చుకుంటారు. బయటికి వచ్చాక కొన్ని నిమిషాల పాటు ఒంటి లోపలి వేడి ఇంకా పడిపోతుంది, ఎందుకంటే చల్లబడిన చేతులు, కాళ్లలోని రక్తం గుండె వైపు తిరిగి వస్తుంది. అందుకని ముందు తడిబట్టలు విప్పి పొడిబట్టలు వేసుకోవాలి. గోరువెచ్చగా ఏదైనా నెమ్మదిగా తాగాలి. వేడినీటి స్నానానికి తొందరపడకూడదు.

2017 నవంబరులో, షాంప్లేన్ ఈత ముగిసిన మూడు నెలలకు, సారా థామస్‌కు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. కీమోథెరపీ, శస్త్రచికిత్స, రేడియేషన్ జరిగాయి. చికిత్స తర్వాత బార మళ్లీ కట్టుకోవడమంటే ఏమిటో ఊహించండి. శస్త్రచికిత్స జరిగింది సరిగ్గా ఆ లాగుడు పుట్టే ఛాతీ భాగంలో. 2019 సెప్టెంబరులో ఆమె ఇంగ్లిష్ ఛానెల్‌ను ఆగకుండా నాలుగుసార్లు ఈదారు. ఇంగ్లాండ్ నుంచి ఫ్రాన్స్‌కు, తిరిగి ఇంగ్లాండ్‌కు, మళ్లీ ఫ్రాన్స్‌కు, మళ్లీ ఇంగ్లాండ్‌కు. 54 గంటల 10 నిమిషాలు. అప్పటిదాకా ఎవరూ నాలుగుసార్లు దాటలేదు.

ఈ ఈత పనితనంలో షాంప్లేన్‌కన్నా వేరు. మంచినీటిలో తేలడం కష్టం గానీ నోరు పాడవదు. ఉప్పునీరు తేలుస్తుంది గానీ గంటల తరబడి నాలుకనూ గొంతునూ కోసేస్తుంది. సారా థామస్‌కు ఈ నాలుగు దాటింపుల్లో ఉప్పే పెద్ద శత్రువు. ఒకచోట జెల్లీ చేప ముఖం మీద కుట్టింది. ఛానెల్‌లో పోటు దాదాపు ఆరు గంటలకోసారి దిశ మార్చుకుంటుంది. అందుకని ఈతగాడు ఎదురొడ్డి నేరుగా ఈదడు. అడ్డంగా ఈదుతూనే ఉంటాడు, నీరు మాత్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు తోసుకుపోతుంది. నేరుగా కొలిస్తే నాలుగు దాటింపులు 84 మైళ్లు. పోటు తోపులన్నీ కలిసి ఆమె దాటిన దారి 130 మైళ్ల దాకా సాగింది. ప్రతి ఒడ్డుకూ చేరినప్పుడు నీటిని దాటి నిలబడాలి, పది నిమిషాల్లోపు మళ్లీ దిగాలి, ఆ పది నిమిషాల్లోనూ ఎవరూ ఆమెను ముట్టుకోకూడదు. మూడుసార్లు నేలమీద నిలబడి, మూడుసార్లు తనంతట తానే చీకటి నీటిలోకి తిరిగి నడవడం ఈ ఈత మొత్తంలో అతి కష్టమైన పని అని నేననుకుంటాను. పడవలోకి ఎక్కకుండా ఉండటం ఒక ఎత్తు, ఒడ్డును వదలడం ఇంకో ఎత్తు.

ఆమె ఒక్కరే ఈదారు గానీ పని ఒక్కరిది కాదు. పడవ నడిపేవాడు గాలినీ పోటునూ లెక్కగట్టి ఏ గంటకు బయలుదేరాలో నిర్ణయిస్తాడు. డీజిల్ పొగ ఈతగాడి ముఖం మీదికి రాకుండా పడవను గాలికి తగిన పక్కన ఉంచుతాడు. రాత్రి దుస్తులకూ, టోపీకీ చిన్న వెలుగు కడ్డీలు తగిలిస్తారు, ఆ మినుకు కనిపిస్తున్నంతవరకే మనిషి ఉన్నట్టు. నిద్ర లేక బుర్ర మొద్దుబారినప్పుడు తోడు ఈతగాడు కాసేపు పక్కన దిగుతాడు. అతను ముందు ఈది నీటిని చీల్చి దారి చేయకూడదు, పక్కనో వెనకో ఉండాలి. వీళ్లందరికీ తోడు పరిశీలకుడు ఉంటాడు. సమయం, నీటి వేడి, గాలి, బారల లెక్క, తాగిన ఆహారం, పడవ ఉన్న అక్షాంశం, రేఖాంశం అన్నీ వరసగా రాసిపెట్టడం అతని పని.

ఈ రాతకు ఎంత విలువో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2013లో డయానా నయాడ్ 64 ఏళ్ల వయసులో క్యూబా నుంచి ఫ్లోరిడాకు ఈదారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. పరిశీలకుల నమోదుల్లో ఖాళీలు ఉండటం వల్ల ఈ రంగపు సంఘాల ధ్రువీకరణ మాత్రం దానికి దక్కలేదు. ఆమె శ్రమను నేను తక్కువ చేయను. అయితే సాక్షులు లేని నీటిమధ్యన జరిగే పనికి ఆ పుస్తకమే సాక్ష్యం. 2012లో మొదలైన మారథాన్ స్విమ్మర్స్ ఫెడరేషన్ అమెరికాలో ఈ నమోదు పద్ధతిని గట్టిపరిచింది. షాంప్లేన్ ఈత దాని ధ్రువీకరణ పొందింది. సారా థామస్ పనితనంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే. ఇంత పెద్ద పనిని కూడా ఆమె తనిఖీకి నిలబడేలా చేశారు.

మనకు ఈత కొత్త కాదు. బావుల్లో బెండ్లు కట్టుకుని, ఎండు సొరకాయ బుర్రలు నడుముకు బిగించుకుని ఈత నేర్చుకున్న తరాలు ఉన్నాయి. వరద గోదావరిని అడ్డంగా ఈదగల గజ ఈతగాళ్లను ఈరోజుకీ ప్రమాదం జరగగానే పిలుస్తారు. మిహిర్ సేన్ 1958లోనే ఇంగ్లిష్ ఛానెల్ దాటి, ఆ పని చేసిన తొలి భారతీయుడయ్యారు. మన కాలంలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడకు తీరం వెంట 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున ఈదారు. చిన్నప్పటినుంచి కొలనుల్లో పెరిగితేనే ఈ విద్య అబ్బుతుందన్న మాట ఆమె విషయంలో నిలవదు. మనకు లోటుగా ఉన్నది సాధన చేయడానికి కాపలా ఉన్న నీరు, తోడు పడవ, లెక్క రాసే పరిశీలకుడు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఆ లోటు లేదు. పిల్లలను ఈత తరగతులకు తీసుకెళ్లి గట్టున ఫోను చూసుకుంటూ కూర్చునే తల్లిదండ్రులు తామూ దిగవచ్చు. 18 ఏళ్లు నిండిన ఎవరైనా చేరగల యూఎస్ మాస్టర్స్ స్విమ్మింగ్ బృందాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. కోచ్ గట్టున నిలబడి మోచేయి ఎక్కడ జారుతోందో చెబుతాడు. కొలనులో రెండు కిలోమీటర్లు ఆగకుండా, ఊపిరి ఎగపోయకుండా ఈదగలిగాక బయటి నీటి ఈతల వైపు చూడవచ్చు. షికాగోలో మిషిగన్ సరస్సులో బిగ్ షోల్డర్స్ పోటీకి 2.5, 5 కిలోమీటర్ల దూరాలున్నాయి. మేరీల్యాండ్‌లో వంతెనల నీడన చెసపీక్ అఖాతాన్ని దాటే 4.4 మైళ్ల ఈత 1982 నుంచి ఉంది. హొనొలులూలో 1970లో మొదలైన వైకీకీ రఫ్‌వాటర్ ఈత పొడవు 2.4 మైళ్లు, ఐరన్‌మ్యాన్ పోటీలో ఈత భాగానికి ఆ కొలతనే తీసుకున్నారు. బోస్టన్ లైట్ ఈత 1907 నాటిది. ఇంకా పైకి పోదలచినవాళ్లకు మన్‌హట్టన్ దీవి చుట్టూ 28.5 మైళ్లు ఉండనే ఉంది.

ఇదంతా రాయడానికి మరో కారణం కూడా ఉంది. అమెరికా సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగి చనిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు మనం ఏటా చదువుతున్నాం. ఎండ కాస్తోంది కదా అని దిగుతారు. మే నెలలో ఉత్తరాది రాష్ట్రాల్లో గాలి వెచ్చగా ఉన్నా సరస్సు నీరు ఇంకా చలికాలపు చలిలోనే ఉంటుంది. ఆ మొదటి రెండు నిమిషాల ఊపిరి ఎగదన్నుడు ఈత వచ్చినవాణ్ణి కూడా ముంచేస్తుంది. 168 కిలోమీటర్లు ఈదిన మనిషి ఒక్క అడుగు కూడా తోడు పడవ లేకుండా వేయలేదన్న సంగతి మన పిల్లలకు చెప్పండి. ఒంటరిగా దిగవద్దని, లైఫ్‌గార్డ్ లేని చోట దిగవద్దని, సాధనకు వెళితే నడుముకు నారింజ రంగు తేలుడు బుంగ కట్టుకోమని చెప్పండి. మీ ఊళ్లో పెద్దల ఈత బృందం ఎక్కడుందో ఈ వారమే కనుక్కుని, ఈత రాని మిత్రుణ్ణి ఒకరిని వెంటపెట్టుకుని వెళ్లండి.